ఓడసరకు : అర్థవిచారము

ఉప్పాడ తీరమున గాలివాన వెలసిన మఱునాడు జనులు అలలంచున చేరి ఇసుకలో బంగారు రవలను వెదకుచుందురు. 2020 నవంబరులో నివర్ తుపాను గడచిన పిమ్మట ఈ వార్త పత్రికలలో వెలువడి పలువుర దృష్టి నాకర్షించినది గాని, ఆ తీరవాసులకు ఇది క్రొత్త గాదు. సముద్రము ఏటేట ఊరిని కోసికొని పోవుచున్నది. ఇండ్లును గుడులును కడలిపాలైనవి. వానిలోని బంగారమే పెనుగాలికి మరల ఒడ్డునకు వచ్చుచున్నదని వారి నమ్మకము. ఓడల రాకపోకలు గల సముద్రము గావున, ఎన్నడో మునిగిన ఓడలోని సొమ్మేమో యను ఊహయు వినువారికి కలుగుట సహజము. ఈ రెండింటిలో ఏది నిజమైనను ఏఱుకొనువానికి దొరకు రవ యొక్కటే. కాని నౌకాధర్మము దృష్టిలో ఆ రెండును ఒకటి గావు. ఇంటిలోని బంగారమైనచో దాని స్థితి వేఱు. ఓడ మోసికొని పోవుచుండిన సరకైనచో దాని స్థితి వేఱు. ఒక వస్తువు ఎవరిదను ప్రశ్నకు సమాధానము, దానిని ఏ పేరున పిలువవలెనను ప్రశ్నపై ఆధారపడి యున్నది.

ఇది న్యాయవాదులు చర్చింపవలసిన విషయమే గాని తెలుగు శాఖ వారి కేల యని అడుగవచ్చును. మా పరిశోధక విద్యార్థి యొకడు మోటుపల్లి శాసనముపై వ్యాసము వ్రాయుచు, ఆంగ్ల గ్రంథములలో 'కార్గో' యని యున్నచోట తెలుగున ఏమి వ్రాయవలెనని మమ్ము అడిగెను. 'సరకు' అని వ్రాయుమని వెంటనే చెప్పితిమి. పిదప ఆలోచింపగా ఆ సమాధానము చాలదని తోచినది. నౌకాయానమునకు సంబంధించిన శాసనమును తెలుగు చేయునపుడు ఇట్టి తొందరపాటు ఎట్టి చిక్కు తెచ్చునో ముందు చూపగలము. తొలుత మాటలను చూతము.

'సరకు' అను మాటకు తెలుగున రెండర్థములు కలవు. ఒకటి అమ్మదగిన వస్తువు, సామగ్రి. రెండవది లక్ష్యము, లెక్క. బ్రౌను నిఘంటువు ఈ రెండర్థములను చూపుచున్నది. 'సరకుగొనక', 'సరకుసేయక' యని కవులు వాడినచోటులలో అంగడి వస్తువుల ప్రసక్తి లేదు. లెక్కచేయక యనియే భావము. లెక్కలోనికి వచ్చునదే సరకు, లెక్కలోనికి రానిది సరకు గాదు అని ఈ రెండర్థములను కలిపి చదువుట మాకు సమంజసముగ తోచుచున్నది. అయినను నేటి వాడుకలో ఈ పదపు పరిధి మిక్కిలి విశాలము. ఇంటికి నెలకు సరిపడు పప్పుబియ్యములును సరకులే. అంగడిలో అమ్ముడుపోక మిగిలినదియు సరకే. గిడ్డంగిలో నున్నదియు సరకే. ఓడ యెక్కినదానికి మాత్రమే చెల్లు పేరు గాదిది.

సంస్కృతమున పణ్యము, భాండము అను రెండు పదములు ఈ సందర్భమున వాడబడినవి. పణ్యము అమ్మదగినది. భాండము విషయము కొంత చిత్రమైనది. అమరసింహుడు నానార్థవర్గమున దానికి గుఱ్ఱపు నగ, పాత్ర, వర్తకుని మూలధనము అను అర్థములను చెప్పెను. అనగా కుండయు భాండమే, కుండలో పోసి అమ్మునదియు భాండమే. మనుస్మృతి రేవు సుంకములను చెప్పుచు భాండములతో నిండిన బండ్లను, వట్టి బండ్లను వేఱుచేసినది. నిండిన బండికి సరకు విలువనుబట్టి సుంకము. ఇచట భాండము మోయబడు సరకు అను అర్థముననే యున్నది. ఇక ఓడకూలికి తెలుగున 'కేవు' అను చక్కని దేశ్యపదము కలదు. ఆతరము, తరపణ్యము దాని సంస్కృతపు తోడివి. ఈ మాటను నేటివారు మఱచి 'రవాణా ఛార్జీ' యనుచున్నారు. మఱవకుండిన బాగుండెడిది.

'కార్గో' స్పానిషు భాషనుండి ఆంగ్లమునకు వచ్చిన పదము. బరువెత్తుట అను క్రియనుండి పుట్టినది. దాని మూలము లాటినులో బండిని చెప్పు పదము. కాబట్టి అందు ప్రధానమైనది వస్తువు గాదు, మోత. ఏ వస్తువైనను మోయబడుచున్నంతవఱకే కార్గో. మోతకు ముందు అది కాదు, మోత ముగిసిన వెనుకను కాదు. మన 'సరకు' వస్తువు గుణమును చెప్పగా, ఆ పదము వస్తువు అవస్థను చెప్పుచున్నది. ఈ భేదమును గ్రహించినచో మిగిలినది సులభము. ఈ వ్యాసమున ఆ అవస్థకు 'ఓడసరకు' అను సమాసమును వాడుచున్నాము.

ఒక ఉదాహరణము చెప్పెదము. ఉప్పాడ జాందానీ చీరలు నేడు దేశమెల్ల ప్రసిద్ధములు. అట్టి చీరను కట్టుకొని ఒక స్త్రీ ఓడ యెక్కినదనుకొందము. ఆమె పెట్టెలో అట్టిదే మఱియొక చీర కలదు. అదే ఓడ అడుగు అఱలో ఒక వర్తకుడు పంపుచున్న నూఱు చీరల బేలు కలదు. మూడును ఒకే మగ్గముపై నేసినవి కావచ్చును. కాని మూడవది మాత్రమే ఓడసరకు. 1963 నాటి భారత నౌకాభీమా చట్టము పాలసీలలోని పదములకు అర్థము చెప్పు అనుబంధమున, 'గూడ్స్' అనగా వర్తకపు స్వభావము గల వస్తువులేయని, ప్రయాణికుల సొంత సామానులును, ఓడలో వాడుకొనుటకు ఉంచిన తిండి మొదలగు సంభారములును అందు చేరవని స్పష్టపఱచినది. ఓడ త్రాళ్లు, ఇంధనము, వంటవాని బియ్యపు బస్తా, నావికుని గొంగడి ఇవన్నియు ఓడలో నున్నవే, ఓడ మోయుచున్నవే; అయినను ఓడసరకు గావు. అదే బియ్యము కాకినాడనుండి ఎగుమతి యగుచు అఱలో నున్నచో ఓడసరకగును.

ఆంగ్లేయ న్యాయస్థానములలో ఈ విషయమై ప్రసిద్ధమైన తగవొకటి కలదు. హంబర్ నదిలో దారిచూపు దీపమును మోయుటకు పడవ ఆకారమున కట్టి లంగరు వేసి యుంచిన తేలుడొకటి త్రాడు తెగి కొట్టుకొనిపోయినది. కొందఱు దానిని కాపాడి ప్రతిఫలము కోరిరి. అందు దీపమునకు కావలసిన గ్యాసు నింపబడి యుండెను. 1897లో ప్రభువుల సభ, అది ఓడయు గాదు, అందలి గ్యాసు ఓడసరకును గాదు, కాబట్టి నౌకాధర్మము ననుసరించిన రక్షణఫలము వారికి చెల్లదని తీర్పు చెప్పినది. గ్యాసు నిండియున్నది, నీటిపై తేలినది, కాని ఎక్కడికిని పోవుటకు బయలుదేరినది గాదు. తేలినంత మాత్రమున ఓడయు, అందున్నంత మాత్రమున సరకును కానేరవు. పాపము కాపాడినవారి శ్రమ వృథా యైనదని మాకును అనిపించును గాని, పదము మాత్రము తేటపడినది.

ఇక ఉప్పాడ వంటి ఊరున తప్పక వచ్చు ప్రశ్న చేపలది. వేటకు పోయిన పడవ చేపలతో తిరిగి వచ్చునప్పుడు ఆ చేపలు ఓడసరకేనా? మోత కలదు, అమ్మకము కలదు, విలువయు కలదు. కాని పంపినవాడొకడు, మోసినవాడొకడు, పుచ్చుకొనువాడొకడు అను సంబంధము లేదు, కేవు లేదు, మోత ఒడంబడిక లేదు. అందుచే సరకుల మోతకు సంబంధించిన ధర్మము వలలోని చేపను అంటదు. ఈ భేదమును మనవారు పూర్వమే గుర్తించిరనుటకు కౌటిల్యుని నావధ్యక్ష ప్రకరణమే ప్రమాణము. అందు వర్తకులు రేవుపట్టణపు ఆచారము ననుసరించి సుంకము నీయవలెననియు, జాలరులు పట్టిన దానిలో ఆఱవ వంతును పడవ అద్దెగా నీయవలెననియు విధింపబడినది. ఒకరినుండి తీసికొనునది సరకుపై సుంకము, మఱియొకరినుండి తీసికొనునది పడవపై అద్దె. రాజునకు వచ్చు రాబడి రెండింటను ఉన్నను, దాని పేరు మాత్రము వేఱు.

ఆ ప్రకరణముననే మనకు మిక్కిలి ముఖ్యమైన మాట యింకొకటి కలదు. గాలిదెబ్బ తిని దారితప్పిన ఓడను అధ్యక్షుడు తండ్రివలె ఆదరింపవలెను. నీరు తగిలి చెడిన పణ్యమునకు సుంకము మానవలెను, లేదా సగము తీసికొనవలెను. అనగా నీట తడిసినను అది పణ్యమే, యజమానునిదే, రాజు తగ్గింపవలసినది తన సుంకమును. ఇది శాస్త్రము. ఆచారము మాత్రము ఇట్లు ఉండలేదనుటకు మోటుపల్లి శాసనమే సాక్షి.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలోని చిన్న పల్లె. అచటి వీరభద్రేశ్వరాలయమున ఒక స్తంభముపై కాకతీయ గణపతిదేవ మహారాజు 1244లో వేయించిన అభయశాసనము కలదు. హుల్ట్ష్ పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమున ప్రకటించెను. ద్వీపాంతర దేశాంతర పట్టణములకు వచ్చుచు పోవుచుండు ఓడబేహారులకు ఇచ్చిన అభయమిది. దాని సారమును మా మాటలలో చెప్పుచున్నాము. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బయలుదేరిన ఓడలు పెనుగాలికి చిక్కి, పగిలి, దరికి కొట్టుకొనివచ్చినప్పుడు, పూర్వపు రాజులు వానిలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలైన సమస్తమును బలవంతముగ తీసికొనుచుండిరి. ప్రాణముకంటె ధనము మిన్న యని యెంచి సముద్రయానమను సాహసమునకు పూనుకొన్న వారియెడ దయతో, కీర్తికిని ధర్మమునకును, నియతమైన సుంకము తప్ప తక్కిన సర్వమును తాము విడిచితిమని మహారాజు ప్రకటించెను. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు.

ఈ శాసనమును చరిత్రకారులు కాకతీయుల వర్తకపోషణకు నిదర్శనముగ తఱచు పేర్కొందురు. అది నిజమే. కాని ఇందలి ధర్మసూక్ష్మమును అంతగా గమనింపలేదని మా అభిప్రాయము. పూర్వరాజులు అపహరించుచుండినది ఏ వాదముపై? ఓడ పగిలినంతనే మోత ముగిసినది. మోత ముగిసినంతనే అది సరకు గాదు, దిక్కులేని సొమ్ము. దిక్కులేని సొమ్ము రాజుది. ఈ వాదమునకు గణపతిదేవుడిచ్చిన సమాధానము, ఓడ పగిలినను సరకు సరకే యనుట. అందుచేతనే దరికి కొట్టుకొనివచ్చిన దానిపైగూడ ఆయన సుంకమునే కోరినాడు. ఒక వస్తువుపై సుంకము తీసికొనుట, అది ఇతరుని సొత్తని ఒప్పుకొనుట. తనదాని మీద తానే సుంకము తీసికొనువాడు లేడు గదా. దయ, కీర్తి, ధర్మము అని శాసనము చెప్పినను, వర్తకునికి నిజముగ అభయమైనది ఈ ఒక్క అంశమే.

కాలమునుగూడ పోల్చి చూడవలెను. ఆంగ్లదేశమున 1275లో వెస్ట్‌మినిస్టరు తొలి శాసనము, పగిలిన ఓడనుండి మనిషి గాని కుక్క గాని పిల్లి గాని బ్రతికి బయటపడినచో దానిని దిక్కులేని ఓడగా ఎంచరాదనియు, వస్తువులను అధికారి యొక సంవత్సరము మీద ఒకనాటివఱకు భద్రపఱచి, సొంతదారు వచ్చి ఋజువు చేసినచో తిరిగి ఈయవలెననియు విధించెను. అది మోటుపల్లి శాసనమునకు ముప్పదియొక్క యేండ్ల తరువాతిది. పైగా బ్రతికిన ప్రాణి యొకటి సాక్ష్యముగ కావలెను. గణపతిదేవుని అభయమునకు పిల్లి యవసరము లేకపోయినది. అయితే మనవారు ఆ గడువు మాట చెప్పలేదు, సొంతదారు లేనిచో ఏమి చేయవలెనో చెప్పలేదు. ఈ లోపమును దాచుట న్యాయము గాదు. 1358లో రెడ్డిరాజు అనవేముని అన్న అనపోతారెడ్డి మోటుపల్లియందే వర్తకులకు మరల అభయశాసనము నొసగవలసి వచ్చినదనుటయు గమనింపదగినది. ఒకరాజు మాట మఱియొక రాజును కట్టదు. ప్రతి రాజవంశమునకును ఆ రేవు నూతనముగ మాట యీయవలసివచ్చెను.

ఇపుడు ఏనుగులను గుఱ్ఱములను చూతము. శాసనము వానిని బంగారముతోను రత్నములతోను ఒకే వరుసలో చెప్పినది. శ్రీనాథుడు హరవిలాస అవతారికలో అవచి తిప్పయసెట్టి తెప్పించు వస్తువులను వర్ణించునపుడును సింహళపు ఏనుగులును హురుమంజి గుఱ్ఱములును కర్పూరము, ముత్యములు, చీనాంబరములతో కలిసియే వచ్చును. కాబట్టి మధ్యయుగపు తెలుగువారి యూహలో ప్రాణముగల జంతువును ఓడసరకే. ఆధునిక ధర్మము ఇచట వేఱుదారి త్రొక్కినది. 1924లో బ్రస్సెల్సున కుదిరిన హేగ్ నియమములను అనుసరించి భారతదేశమున 1925లో సముద్రముపై సరకుల మోత చట్టము ఏర్పడెను. అందు 'గూడ్స్' అను పదమునకు చేసిన నిర్వచనము ప్రకారము సమస్త వస్తుజాతమును అందు చేరును. కాని సజీవజంతువులును, ఒడంబడికలో చెప్పి ఓడపైకప్పు మీద మోయు 'కార్గో'యును ఆనాటి నిర్వచనమున చేరలేదు. ఆ చట్టమునకు బదులుగా 2025లో పార్లమెంటు క్రొత్త చట్టమును చేసినది.

మేము ముందు చెప్పిన చిక్కు ఇచటనే కలదు. ఈ నిర్వచనమున రెండు పదములు వేఱువేఱుగ వాడబడినవి. పైకప్పుమీద నున్నది కార్గోయే, కాని గూడ్సు గాదు. ఈ వాక్యమును తెలుగు చేయుచు రెండింటికిని 'సరకు' అని వేసినచో, 'సరకు అనగా పైకప్పుమీది సరకు గాక తక్కిన సరకు' అను వింతవాక్యము తయారగును. చదివినవానికి పైకప్పుమీది దానికి ఓడవాడు కేవు పుచ్చుకొనినను బాధ్యుడు గాడా, అసలు అది సరకే గాదా అను సందేహము కలుగును. నిజమేమనగా, అది మోయబడుచున్న ఓడసరకే, కేవును చెల్లవలసినదే, కాని ఆ నిర్వచనము ప్రకారము చట్టము కల్పించిన నిర్బంధ రక్షణ దానికి లేకుండెను, ఉభయులు చేసికొన్న ఒడంబడికయే దానికి గతియై యుండెను. గుఱ్ఱము విషయమును ఇంతియే. గుఱ్ఱము తనంత తాను జబ్బుపడును, బెదరును, చచ్చును. అలల తాకిడికి పైకప్పుమీది దూలము కొట్టుకొనిపోవును. అట్టి అపాయములకు ఓడవానిని కట్టివేయుట తగదని నియమకర్తల భావము. 1978 నాటి హాంబర్గు నియమములు ఈ రెండింటిని మరల వస్తువులలో చేర్చినవి. అనగా ఏడు శతాబ్దముల తరువాత ఆధునికులు గణపతిదేవుని పట్టిక దగ్గఱకు వచ్చిరి. తెలుగు చేయువారు 'గూడ్స్'కు 'వస్తువులు' అనియు, 'కార్గో'కు 'ఓడసరకు' అనియు, 'ఫ్రెయిట్'కు 'కేవు' అనియు నిలుకడగ వాడినచో ఈ గందరగోళము తప్పును. సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన పీఠాపురము ఉప్పాడకు కూతవేటు దూరమున నున్నది. ఆ నిఘంటువును వెలువరించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు కాకినాడలో నున్నది. ఓడమాటలకు పరిభాష ఆ ప్రాంతమునుండియే రాదగును.

మోటుపల్లి శాసనములోని సుంకపు పట్టికయు పదార్థవిచారమునకు పనికివచ్చును. అందు గంధము, కర్పూరము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పట్టుబట్టలు, పోకలు కలవు. గంధమునకు తూకమునుబట్టి సుంకము, కర్పూరము ముత్యములు మొదలగువానికి విలువనుబట్టి, పట్టుబట్టలకు కట్టనుబట్టి, పోకలకు లక్షను లెక్కగొని. తూకము, వెల, కట్ట, ఎన్నిక అను నాలుగు కొలతలు. ఓడసరకును ఎట్లు లెక్కింపవలెనను ప్రశ్న సుంకాధికారికే గాదు, నష్టము కట్టించువానికిని కలదు. హేగ్ నియమములు ఓడవాని బాధ్యతను 'ప్యాకేజీ లేక యూనిట్' ఒక్కింటికి ఇంతయని పరిమితము చేసినవి. తొలుత అది నూఱు పౌనులు. భారత చట్టమున 1993లో జరిగిన సవరణ తరువాత అది కట్ట ఒక్కింటికి 666.67 ఎస్‌.డి.ఆర్‌. లేక కిలో ఒక్కింటికి 2 ఎస్‌.డి.ఆర్‌., ఏది ఎక్కువైన అది, అయినది. కట్టయు తూకమును రెండును అందు చోటు చేసికొన్నవి.

అయితే కట్ట యనగా నేమి? ఇనుప పెట్టెలలో సరకు నింపి పంపు కంటైనరు పద్ధతి వచ్చిన పిమ్మట ఇది పెద్ద తగవైనది. ఒక కంటైనరులో వేయి అట్టపెట్టెలున్నచో కట్టలు వేయియా, ఒకటియా? 1968 నాటి విస్బీ ఒడంబడిక దీనికి చెప్పిన సమాధానము సరకు రసీదునుబట్టి యుండును. అందు వేయి పెట్టెలని వ్రాసియున్నచో వేయి. ఊరక ఒక కంటైనరని వ్రాసియున్నచో ఒకటి. కుండను లెక్కింపవలెనా, కుండలోని దానిని లెక్కింపవలెనా యను ఈ ప్రశ్న అమరసింహుని భాండ పదమున ముందే దాగియున్నది. ఆంగ్లమున 'వెస్సెల్' అనగా పాత్రయు ఓడయు. తమిళమున 'కలం' అనగా పాత్రయు ఓడయు. లోనిదానిని మీదిదానినుండి వేఱుచేయుట భాషలకే కష్టముగ నున్నప్పుడు న్యాయస్థానములకు సులభ మెట్లగును?

వస్తువు ఎప్పుడు ఓడసరకగును, ఎప్పుడు కాకుండపోవును అను విషయమునకు కాకినాడయే మంచి పాఠము. అచటి లంగరు రేవున పెద్ద ఓడలు ఒడ్డునకు రావు. హోప్ దీవి మఱుగున నీటిలో లంగరు వేసి నిలుచును. బియ్యము బస్తాలను హమాలీలు బార్జీల కెక్కింతురు. బార్జీలు సముద్రములోనికి పోయి ఓడ ప్రక్క నిలుచును. అచట బస్తాలు ఓడలోనికి ఎక్కును. లోతునీటి రేవు 1990లలో ఏర్పడిన తరువాతను ఈ పద్ధతి సాగుచునే యున్నది. చట్టము ప్రకారము మోతకాలము ఓడలోనికి ఎక్కించుటతో మొదలై దింపుటతో ముగియును. మఱి బార్జీ బోల్తాపడి బస్తాలు మునిగినచో? అవి ఒడ్డును విడిచినవి, ఓడను చేరలేదు. బార్జీకి అవి సరకే. పెద్ద ఓడకు ఇంకను గావు. ఆ మధ్యకాలపు బాధ్యతను ఒడంబడికలో ముందుగ వ్రాసికొనుటకు నియమములు అవకాశ మిచ్చినవి, వ్రాసికొననివాడు కష్టపడును. 1789, 1839 సంవత్సరముల పెనుతుపానులకు పాడైన కోరంగి రేవునందును ఓడకును ఒడ్డునకును నడుమ పడవలే సరకు మోసినవి. గోదావరి ఒండ్రు పఱచు ఈ తీరమున ఈ మధ్యకాలమే ఎప్పుడును అపాయకాలము.

ఓడను తేలిక చేయుటకు సరకును సముద్రమున పాఱవేయుట మఱియొక అవస్థ. అందఱికొఱకు పోగొట్టుకొన్న దానిని అందఱును కలిసి పూడ్చవలెనను రోడ్సుద్వీప ధర్మము జస్టీనియను సంహితలో చేర్చబడి నేటికిని చెల్లుచున్నది. మనుస్మృతియందు దీనికి సరిజోడు లేదు. నావికుల తప్పువలన చెడినదానిని నావికులందఱును తమ తమ వంతున ఈయవలెననియు, దైవికమైన నష్టమునకు దండన లేదనియు మాత్రము కలదు. ఈ రెండింటిని ఒకటిగ చెప్పువారున్నారు గాని అది పొరపాటు. ఒకటి తప్పునకు పరిహారము, రెండవది తప్పులేని నష్టమునకు పంపకము.

పాఱవేయబడినను యజమానుని హక్కు పోదు. 1958 నాటి భారత వర్తకనౌకా చట్టము 'రెక్' అను పదమునకు చెప్పిన అర్థమున సముద్రమున పాఱవేయగా మునిగినవి, పడి తేలుచున్నవి, మరల కనుగొనుటకై తేలెడు వస్తువునకు కట్టి ముంచినవి, విడిచివేయబడినవి, ఆశ వదలుకొన్న ఓడ అను వానిని చేర్చినది. దొరికినవాడు దానిని ప్రభుత్వము నియమించిన అధికారికి అప్పగింపవలెను. సొంతదారు సంవత్సరములోపల ఋజువు చేసికొని, కాపాడినవానికి చెల్లవలసినది చెల్లించి తీసికొనవచ్చును. గణపతిదేవుడు చెప్పక విడిచిన గడువు ఇందు చేరినది. ఈ చట్టమునకు బదులుగా పార్లమెంటు 2025లో క్రొత్త వర్తకనౌకా చట్టమును చేసినది.

ఆ సంవత్సరముననే కేరళ తీరమున మే 25న ఎం.ఎస్.సి. ఎల్సా 3 అను ఓడ ఆఱువందల పైచిలుకు కంటైనర్లతో మునిగినది. కొన్ని పెట్టెలు కొల్లము, ఆలప్పుళ తీరములకు కొట్టుకొనివచ్చినవి. ప్లాస్టిక్కు గింజలు ఇసుకలో కలిసినవి. వానిని ఏఱినది అపహరించుటకు గాదు, పాఱవేయుటకు. జాలరులు వేట మానుకొనవలసివచ్చినది. ప్రభుత్వము పరిహారమునకై న్యాయస్థానమున దావా వేసినది. మోటుపల్లి కాలమున దరికి వచ్చిన సరకు నాదియని రాజు అనగా, నాదియని వర్తకుడు అనుచుండెను. నేడు దరికి వచ్చినది నీదియే, వచ్చి తీసికొనిపొమ్మని రాజ్యము అనుచున్నది. స్వామ్యము హక్కుగ నుండినది భారముగ మాఱినది. 2007 నాటి నైరోబీ ఒడంబడిక ఓడనుండి సముద్రమున పడిన వస్తువును గూడ తొలగింపవలసిన శిథిలములలో చేర్చినది ఇందుకే.

ఇక ఉప్పాడ బంగారము. అది ఇండ్లనుండియు గుడులనుండియు వచ్చినదను తీరవాసుల మాటనే మేము విశ్వసించుచున్నాము. అట్లయినచో అది ఏనాడును ఓడ యెక్కలేదు, కేవు చెల్లించలేదు, ఎక్కడికిని బయలుదేరలేదు. హంబర్ నదిలోని గ్యాసువలె నీటిలో నున్నను ఓడసరకు గాదు. రెక్ నిర్వచనమునకును చిక్కదు. 1878 నాటి నిక్షేపచట్టము భూమిలో దాగిన దానిని గూర్చి చెప్పి, పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనన్నది. అలలు తెచ్చి ఇసుకపై విడిచిన రవ భూమిలో దాగినదని చెప్పుట మాకు అంగీకారము గాదు. తన ఇల్లు కడలిపాలైన యిల్లాలు ఆ ఇసుకలో తన ముక్కుపుడకను తానే వెదకుకొనుచుండవచ్చును. ఆమె ప్రక్కన కూర్చున్న మఱియొకతెకు అది దొరకవచ్చును. ఓడబేహారికి మోటుపల్లి స్తంభము కలదు. ఈ యిల్లాలి సొమ్మును గూర్చి నౌకాధర్మమున మాట లేదు.